నూట అరవయ్యా, రెండొందలా?

నా లాప్‌టాప్‌లో ‘బండి ఫైనల్’ అని ఒక ఎక్సెల్ షీట్ ఉంది. దాని కింద ‘బండి ఫైనల్ 2’, దాని కింద ‘బండి ఫైనల్ నిజంగా’ కూడా ఉన్నాయి. మినీ ప్రాజెక్టు ఫైళ్ళకి ఇలాగే పేర్లు పెట్టే వాళ్ళందరికీ నా పరిస్థితి ఈపాటికే అర్థమై ఉంటుంది.

ఆ షీట్లో రెండే రెండు కాలమ్స్. పల్సర్ ఎన్‌ఎస్160, పల్సర్ ఎన్‌ఎస్200. ఎన్‌ఎస్ అంటే నేకెడ్ స్పోర్ట్. ముందు అద్దం లాంటి ఫెయిరింగ్ ఉండదు, ఇంజను, ఫ్రేము అంతా బయటికే కనిపిస్తాయి. ఈ రెండు బళ్ళూ పక్కపక్కన నిలబెడితే మా అమ్మ తేడా చెప్పలేదు. నిజం చెప్పాలంటే స్టిక్కర్ చూడకుండా నేను కూడా ఒక క్షణం ఆగి చెప్పాలి. ట్యాంకు ఒకటే షేపు, హెడ్‌లైటు ఒకటే మొహం. తేడా అంతా లోపల ఉంది.

ఇంటర్ ఫస్టియర్ నుంచీ నాకు 200 అంటే పిచ్చి. ఫోన్ వాల్‌పేపర్ అదే. బీటెక్ సెకండియర్‌లో నాన్న ఒక రోజు రాత్రి అన్నం తింటూ, “మిరపకాయ అమ్మాక నీకు బండి తీద్దాంరా” అన్నాడు. నేను గట్టిగా అరవలేదు గానీ ఆ రాత్రే ఎక్సెల్ ఓపెన్ చేశాను.

బండి ఎందుకు అవసరమో ముందు చెప్పాలి. మా ఊరు సత్తెనపల్లి వైపు. మేడికొండూరు, పేరేచర్ల మీదుగా మన కాలేజీకి 31 కిలోమీటర్లు. కాలేజీ బస్సు మా ఊళ్ళోకి రాదు, నాలుగు కిలోమీటర్ల అవతల మెయిన్ రోడ్డు మీద ఆగుతుంది. రోజూ పొద్దున నాన్న స్ప్లెండర్ మీద నన్ను అక్కడ దింపి, బస్సు ఎక్కేదాకా ఉండి, వెనక్కెళ్ళి అప్పుడు పొలం వెళ్తాడు. మందు కొట్టే రోజుల్లో ఆ గంట చాలా విలువైనది. ఎండెక్కకముందే కొట్టాలి. సాయంత్రం ల్యాబ్ లేటయితే మళ్ళీ ఆయనే రావాలి. ఒక్కడి అటెండెన్స్ కోసం ఇద్దరు తిరగడం అన్నమాట.

ఇక షీట్ సంగతి. ఎన్‌ఎస్160 ఇంజను 160.3 సీసీ. 9,000 ఆర్‌పీఎం దగ్గర 17.2 పీఎస్ పవర్. ఐదు గేర్లు, ఆయిల్ కూలింగ్. ఎన్‌ఎస్200 ఇంజను 199.5 సీసీ. 9,750 ఆర్‌పీఎం దగ్గర 24.5 పీఎస్. ఆరు గేర్లు, లిక్విడ్ కూలింగ్. అంటే సైజు పెరిగింది 24 శాతమే, పవర్ మాత్రం 42 శాతం పెరిగింది. ఎందుకంటే పవర్ అంటే టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించడమే. 200 ఎక్కువ లాగుతుంది, పైగా ఇంకా ఎక్కువ వేగంగా తిరుగుతూ లాగుతుంది. (నేను ఇంగ్లీష్ మీడియం, టార్క్‌కి తెలుగు నన్నడగొద్దు. నాన్న ‘లాగుడు’ అంటాడు. ఇకనుంచి నేనూ అదే వాడతాను.) లాగుడు 160కి 14.6 న్యూటన్ మీటర్లు, 200కి 18.7.

పోల్చడానికి మూడో కాలమ్ ఒకటి సరదాకి పెట్టాను. నాన్న స్ప్లెండర్: 97.2 సీసీ, ఎనిమిది పీఎస్ దగ్గర. ఆ ఎనిమిది పీఎస్ మీదే యూరియా బస్తాలు వచ్చాయి, మిరప నారు వచ్చింది, నేను స్కూలుకెళ్ళాను, అమ్మ ఆసుపత్రికెళ్ళింది. ఆ కాలమ్ చూసినప్పుడల్లా కొంచెం ఇబ్బందిగా ఉండి, తర్వాత దాన్ని హైడ్ చేశాను.

డబ్బు లెక్కలో ఒక తమాషా కనిపించింది. ప్రభుత్వానికి ఈ రెండు బళ్ళూ ఒకటే. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సులో 150 సీసీ దాటి 350 దాకా అంతా ఒకే స్లాబు. జీఎస్టీకి కూడా గీత 350 సీసీ దగ్గరే. కాబట్టి తేడా వచ్చేది బండి ధరలోనూ పెట్రోల్లోనూ. ఏప్రిల్లో షోరూంలో రాసిచ్చిన కొటేషన్ ప్రకారం ఆన్ రోడ్ 160కి లక్షా 68 వేలు, 200కి లక్షా 92 వేలు. తేడా 24 వేలు. మైలేజీ, నడిపేవాళ్ళని అడిగితే 160కి 42, 200కి 35 అన్నారు. నెలకి 22 రోజులు, రోజుకి 62 కిలోమీటర్లు వేస్తే 200 ఆరున్నర లీటర్లు ఎక్కువ తాగుతుంది. లీటరు 109 రూపాయల చొప్పున నెలకి 700 రూపాయలు. మన క్యాంటీన్ లెక్కలో అదేం పెద్ద మొత్తం కాదు.

కాబట్టి షీట్ ప్రకారం 200 కొనకపోవడానికి గట్టి కారణం ఏమీ లేదు. మా పెద్దమ్మ కొడుకు, అన్నయ్య దగ్గర 200 ఉంది. వాడి మాట ఇంకా గట్టిది: “160 తీసుకుంటే ఆర్నెల్లలో బోరు కొట్టుద్ది. అమ్మేసి 200 కొంటావు. అప్పుడు పోయేది 24 వేలు కాదురా, 50 వేలు.” ఇది తప్పు అని చెప్పలేను. అలా చేసిన సీనియర్స్ మన పార్కింగ్‌లోనే ఉన్నారు.

అమ్మని అడిగితే, “రెండిట్లో ఏది నెమ్మదిగా పోద్దో అది కొనండి” అంది.

నాన్న ఓటు 200కే. “కొనేదేదో ఒకేసారి మంచిది కొను. మళ్ళీ మళ్ళీ కొనలేం” అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. ఆయన నా వయసులో ఉన్నప్పుడు ఊళ్ళో ఒకాయనకి యమహా ఆర్‌ఎక్స్ 100 ఉండేదట. అది వీధి మలుపు తిరగకముందే సౌండ్ వినిపించేదట. నాన్నకి అప్పుడు సైకిలు. ఆర్‌ఎక్స్ గురించి చెప్తున్నప్పుడు ఆయన కుడి చెయ్యి గాల్లో యాక్సిలరేటర్ తిప్పడం చూశాను. 200 మీద నాకంటే ఆయనకే ఎక్కువ మనసుందేమో అని మొదటిసారి అనిపించింది.

మాటలతో తేలదని, సీఎస్ వాడిని కాబట్టి డేటా తీద్దామనుకున్నాను. ఒక రోజు క్లాస్‌మేట్ 160, ఇంకో రోజు అన్నయ్య 200 తీసుకుని ఇంటి నుంచి కాలేజీ దాకా అదే రూట్లో అదే టైముకి వెళ్ళాను. ఫోన్లో జీపీఎస్ ఆన్ చేసి సెకనుకొకసారి స్పీడ్ లాగ్ చేశాను. ఇరవై లైన్ల పైథాన్ స్క్రిప్ట్.

160 మీద 48 నిమిషాలు. 200 మీద 45 నిమిషాలు. మూడు నిమిషాలు! రెండేళ్ళ వాల్‌పేపర్ విలువ మూడు నిమిషాలు. మిగతా టైమంతా రెండు బళ్ళకీ ఒకటే. అవే స్పీడ్ బ్రేకర్లు, అవే గేదెలు, పేరేచర్ల జంక్షన్లో అవే లారీలు. ఐదు వేల ఆర్‌పీఎం లోపల రెండూ దాదాపు ఒకే బండిలా నడిచాయి. ఏడు వేలు దాటాక 200 అసలు రూపం చూపిస్తుంది. వెనక నుంచి ఎవరో తోసినట్టు ఉంటుంది. ఆ ఫీలింగ్ అబద్ధం కాదు. అది బాగుంటుంది, చాలా బాగుంటుంది. లేదని రాస్తే మీరు నమ్మరు.

ఆ లాగ్‌లో ఒక చోట గ్రాఫ్ గోడలా నిట్టనిలువుగా కిందికి పడింది. దాని గురించి ఇంట్లో చాలా రోజులు చెప్పలేదు.

200 రోజు, మేడికొండూరు దాటాక ముందు మిరపకాయ టిక్కీల లోడుతో ట్రాక్టర్ వెళ్తోంది. ఎదురుగా రోడ్డు ఖాళీ. ఒక గేరు తగ్గించి యాక్సిలరేటర్ తిప్పాను. రెండు మూడు సెకన్లలో ట్రాక్టర్ దాటేశాను. 160 మీద ఇదే పనికి ముందు రోజు కాస్త ఎక్కువసేపు పట్టింది, ఆ కాస్తసేపు రాంగ్ సైడ్లో ఉన్నాను. అంటే అక్కడ 200 మేలు, సేఫ్ కూడా. దాటాక నేను చెయ్యి వదలాలి. వదల్లేదు. బండి లాగుతోంది, ఇంకొంచెం, ఇంకొంచెం అనిపించింది. పక్క డొంకలోంచి టీవీఎస్ ఎక్సెల్ మీద ఒక పెద్దాయన, వెనక గడ్డిమోపుతో, నన్ను చూడకుండా రోడ్డెక్కాడు.

బ్రేకులు రెండూ పట్టాను. ఏబీఎస్ కాలి కింద, చేతి కింద టకటకా కొట్టుకుంది. లాగ్ ప్రకారం 86 నుంచి 19కి వచ్చాను. గడ్డిమోపు పక్కనుంచి పోయాను. పెద్దాయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు, ఏం జరిగిందో ఆయనకి తెలీదనుకుంటా. నేను ముందుకెళ్ళి వేపచెట్టు కింద బండి ఆపి హెల్మెట్ తీసి కూర్చున్నాను. చేతులు వణుకుతున్నాయి. ఆ పూట ఫస్ట్ అవర్ పోయింది. 45 నిమిషాల్లో ఆ కూర్చున్న టైము కలపలేదు లెండి.

ఆ రాత్రి లెక్క వేశాను. అదే చోట 160 రోజు నా స్పీడ్ 68. ఈ రెండు బళ్ళకీ ముందు డిస్క్ 300 ఎంఎం, వెనక 230 ఎంఎం. టైర్ల సైజు కూడా ఒకటే. అంటే ఇంజను పెరిగింది గానీ ఆపే సామాను అదే. చూసి చెయ్యి వేసేసరికి ఒక సెకను పోతుందనీ, గట్టిగా బ్రేక్ వేస్తే సెకనుకి సెకనుకి ఏడు మీటర్ల చొప్పున వేగం తగ్గుతుందనీ అనుకుందాం. 68 దగ్గర బండి పూర్తిగా ఆగడానికి దాదాపు 44 మీటర్లు కావాలి. 86 దగ్గర 65 మీటర్లు. మధ్యలో ఉన్న ఇరవై మీటర్లు అంటే దాదాపు రెండు ఆర్టీసీ బస్సుల పొడవు. స్పీడ్ నాలుగో వంతు పెరిగితే ఆగే దూరం సగం పెరిగినట్టు. ఇంటర్ ఫిజిక్స్‌లో ఈ ఫార్ములాకి నాకు ఫుల్ మార్కులు వచ్చాయి. అర్థమైంది మాత్రం ఆ వేపచెట్టు కింద.

తప్పు బండిది కాదు. 160 మీద కూడా 86 వెళ్ళొచ్చు. కాకపోతే అక్కడికి చేరడానికి దానికి ఇంకొంచెం టైము కావాలి, ఆ టైములో నాలాంటి వాడికి బుద్ధి రావడానికి ఒక అవకాశం ఉంటుంది. అన్నయ్య మూడేళ్ళుగా 200 నడుపుతున్నాడు, వాడి చెయ్యి ఎక్కడ వదలాలో దానికి తెలుసు. నా చేతికి ఇంకా తెలీదు.

ఈ విషయం నాన్నకి ఎలా చెప్పాలా అనుకుంటుండగానే ఇంకోటి జరిగింది. ఒక సాయంత్రం ఆయన కమీషన్ ఏజెంటుతో ఫోన్లో, “44 టిక్కీలు తీసేద్దాం. రేటు సంగతి తెలుసులే. పిల్లోడికి మాటిచ్చా” అంటున్నాడు.

మిర్చి గురించి తెలీని వాళ్ళ కోసం: యార్డుకి కాయ వెళ్ళే గోతాన్ని టిక్కీ అంటారు. మాది 42 కిలోల దాకా తూగుతుంది. 2025 మొదట్లో మిర్చి రేటు ఎలా పడిపోయిందో గుంటూరు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ ఇంటర్వెన్షన్ కింద క్వింటాలుకి 11,781 రూపాయలు ప్రకటించాల్సి వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు మేమే 20 వేల పైన అమ్మాం. అందుకే ఈసారి నాన్న 60 టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు, రేటు వచ్చాక అమ్మొచ్చని. ఇప్పుడు వాటిలో 44 పదకొండు వేలకే తీసేస్తానంటున్నాడు.

44 ఎక్కడి నుంచి వచ్చిందో వెంటనే అర్థమైంది. కమీషన్ పోను లెక్కేస్తే సరిగ్గా 200 ఆన్ రోడ్ ధర. 160 అయితే 38 చాలు. నా ఎక్సెల్లో ‘24 వేలు’ అని ఉన్న సెల్ అసలు విలువ ఆరు టిక్కీలు. కోత కూలీ, కల్లంలో ఎండబోయడం, తాలుకాయ ఏరడం, అన్నీ కలిపి ఆరు టిక్కీలు. అమ్మ నడుము నొప్పి కూడా అందులో కొంత ఉంటుంది.

కానీ ఇక్కడ ఒక చిక్కు. “మన దగ్గర డబ్బుల్లేవు కదా, చిన్నది చాలు” అంటే నాన్న ఒప్పుకోడు. ఒప్పుకోకపోవడం కాదు, ఆయన మొహం ఎలా అవుతుందో నాకు తెలుసు. స్కూల్ ఫీజుకి కూడా ఆ మాట మా ఇంట్లో ఎప్పుడూ రాలేదు. ఇచ్చేవాడు చెయ్యి చాపి ఇస్తుంటే నేను తగ్గించుకుంటే, నీకంత స్తోమత లేదులే అన్నట్టే కదా. అందుకే టిక్కీల మాట ఎత్తలేదు. ఎత్తకుండా, ఎక్సెల్ పెద్దాయన సంగతి చెప్పాను. 86 అని కూడా చెప్పాను.

నాన్న తిట్టలేదు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మరి నూట అరవై అయితే గుద్దవా?” అన్నాడు.

“గుద్దుతా నాన్నా. కాకపోతే కొంచెం లేటుగా.”

ఆయన నవ్వు ఆపుకోలేకపోయాడు. నేను ఆ సందు చూసి, “ఇప్పుడే వద్దు. సెమిస్టర్ అయ్యాక చూద్దాం. ఈలోపు మన బండి మీద చెయ్యి కుదురుతుంది” అన్నాను.

“రేటు వచ్చేదాకా ఆగుదామనేగా నీ ఉద్దేశం?” అన్నాడు. ఆయనకి ఎక్సెల్ రాదు గానీ అన్నీ తెలుసు. “రేటు కోసం ఆగితే నీ బీటెక్ అయిపోద్దిరా” అని లేచి వెళ్ళిపోయాడు. కానీ ఏజెంటుకి మళ్ళీ ఫోన్ చేసినట్టున్నాడు, 44 టిక్కీలు ఆ వారం బయటికి రాలేదు.

వేసవి అంతా స్ప్లెండర్ నడిపాను. సెప్టెంబర్‌లో మేమెవరం ఊహించనిది జరిగింది. 350 సీసీ లోపు బళ్ళకి జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గించారు, 22వ తేదీ నుంచి అమలు. 160 ఆన్ రోడ్ 12 వేలు తగ్గి లక్షా 56 వేలకి వచ్చింది. మా కాయకి కూడా క్వింటాలు 13 వేల పైన పలికింది. స్టోరేజీ అద్దె, కమీషన్ పోను 31 టిక్కీలకి బండి వచ్చింది. పెట్టుబడితో చూస్తే అది కూడా లాభమేం కాదు, నష్టం కాస్త తగ్గిందంతే. అయినా కోల్డ్ స్టోరేజీలో ఇంకా 29 ఉన్నాయి.

షోరూంలో నాన్న చివరి నిమిషంలో కూడా 200 పక్కన ఆగి, “ఇప్పుడు ఇది కూడా తగ్గిందంటగా” అన్నాడు. నిజమే, తగ్గింది. ఆ క్షణంలో నేను మారిపోయి ఉండేవాణ్ణే. వాల్‌పేపర్‌లో ఉన్న రంగు, అదే బండి, చెయ్యి వేసేంత దూరంలో. “రెండేళ్ళు దీని మీద నేర్చుకుంటా నాన్నా. తర్వాత అది నా జీతంతో కొంటా” అన్నాను. ఆయన తల ఊపాడు. సంతోషంగానా, కొంచెం వెలితిగానా, చెప్పలేను.

దసరాకి బండి ఇంటికొచ్చింది. అమ్మ పసుపు, కుంకుమ పెట్టింది, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టింది. మొదట నడిపింది నేను కాదు, నాన్న. పొలం దాకా వెళ్ళి వచ్చాడు. ఊళ్ళోకి వచ్చేటప్పుడు మలుపు దగ్గర ఆయన గట్టిగా రేజ్ చేయడం ఇంట్లోకి వినపడింది. దిగి, “లాగుడు బానే ఉంది. కాకపోతే వెనక కేరియర్ లేదు, బస్తా ఎక్కడ కడతావ్?” అన్నాడు.

ఇప్పుడు పొద్దున ఆరున్నరకే ఆయన పొలంలో ఉంటున్నాడు. నేను ఏడున్నరకి బయల్దేరుతున్నాను. ఓడోమీటర్ 1,900 దాటింది. అన్నయ్య చెప్పినట్టు బోరు కొడుతుందా అంటే, ఇంకా లేదు. పేరేచర్ల దాటాక 200 ఏదైనా పక్కనుంచి దూసుకుపోతే మాత్రం ఇప్పటికీ కుళ్ళుగానే ఉంటుంది. ఆ షీట్ కూడా డిలీట్ చేయలేదు. హైడ్ చేసిన స్ప్లెండర్ కాలమ్ ఒక్కటి అన్‌హైడ్ చేశాను.

మీలో ఎవరైనా ఇలాంటి రెండు బళ్ళ మధ్య ఊగుతుంటే, సీసీలు చూడండి, పీఎస్‌లు చూడండి, తప్పులేదు. రెండూ ఒక్కో రోజు మీ రోజువారీ రోడ్డు మీదే నడిపి చూడండి. మేడికొండూరు వైపు వస్తే ఆ డొంక దగ్గర మాత్రం కాస్త చెయ్యి వదలండి. పెద్దాయన ఇప్పటికీ చూడకుండానే రోడ్డెక్కుతున్నాడు.